చేట పక్కన గడ్డిమనిషి

వెంకటశేషమ్మ గడ్డితో మనిషి బొమ్మ కట్టి, దానికి రమణయ్య పేరు పెట్టి, బాణాలతో పొడుస్తోందని మా ఊళ్లో చెప్పుకున్నారు. ఆ మాట మొదట అన్నది గురవమ్మ. సరుగుడు తోపులో పుల్లలు ఏరుకుంటూ ఇసక దిన్నె వైపు చూస్తే బొమ్మ భుజంలో బాణం దిగి ఉందట. బొమ్మకు రమణయ్య తొడుక్కునే నీలం గళ్ల చొక్కా వేసి ఉందట. ఆ వారమే రమణయ్యకు చలిజ్వరం వచ్చింది. భుజం కూడా లాగుతోందన్నాడు. ఇక ఆ మాటకు అడ్డు లేకపోయింది. సంతకు పోయే బండ్లలో కూడా అదే మాట.

వెంకటశేషమ్మది మా దడికి అవతలి ఇల్లు. నేను ఎనిమిదో తరగతిలో బడి మానేసి ఇంటి పట్టున ఉన్న కాలం అది. అరవై నాలుగు ప్రాంతం. పొద్దున్నే పేడ చల్లేటప్పుడు, అంట్లు తోమేటప్పుడు దడి సందుల్లోంచి వాళ్ల దొడ్డి అంతా కనిపించేది.

మా ఊరు చిట్టమూరుకు తూర్పున ఉంది. సముద్రం దగ్గరే గానీ మా వాళ్లు చేపల వేటకు పోరు. ఇసక నేలల్లో వేరుశనగ వేస్తారు. కాయ ఊరే వేళకు అడవిపందులు వస్తాయి. వాటిని విల్లుతో కొట్టి తోలడానికి ఊరికి ఒక కావలి ఉండేది. కావలి కాసిన ఇంటికి, కాయ పీకిన రోజు ప్రతి చేను వాళ్లూ ఒక గంప కాయలు ఇవ్వాలి. ఆ గంపల మీదే వెంకటశేషమ్మ ఇల్లు ఏడాదంతా గడిచేది. ఆమె మామ కావలి కాశాడు, తర్వాత మొగుడు ముత్యాలయ్య కాశాడు. అయితే ఇంట్లో విల్లు పట్టే మనిషి ఉన్నంతవరకే కావలి ఆ ఇంటిది. లేకపోతే దాయాదులకు పోతుంది. అది ఊరి కట్టుబాటు.

ఆ ఏడు ముంజలకు ఎక్కి ముత్యాలయ్య తాటిచెట్టు మీద నుంచి పడ్డాడు. తుంటి విరిగింది. కట్టు కట్టించినా లేచి నిలబడలేకపోయాడు. పిల్లలు చిన్నవాళ్లు. దాయాది రమణయ్య వెళ్లి ఊరి పెద్ద చిన్నపోలయ్యను కావలి అడిగాడు. ఆ సంగతి తెలిసి వెంకటశేషమ్మ కూడా వెళ్లింది.

"విల్లు నేను పడతాను మామా," అన్నది.

"నువ్వా?" అని చిన్నపోలయ్య నవ్వాడు. "పందికి అన్నం వండి పెడతావా ఏంది?"

"తోలతాను."

ఆడది కావలి కాయకూడదని కట్టుబాటులో లేదు. అంతకుముందు ఏ ఆడమనిషీ అడగలేదు గనుక ఆ మాట ఎవరికీ అవసరపడలేదు. చిన్నపోలయ్య కాసేపు తల గోక్కుని, కాయ ఊరేలోపల ఇద్దరిచేతా బాణం కొట్టించి చూస్తానని, బాగా చేసినవాళ్లకే కావలి అని చెప్పాడు.

మరునాటి నుంచి వాళ్ల దొడ్డి వెనక ఇసక దిన్నె దగ్గర సాధన మొదలైంది. దిన్నెకు కొట్టడం ముత్యాలయ్య ఆలోచనే. గురి తప్పిన బాణం ఇసకలో దిగుతుంది, విరగదు, వెతుక్కోనక్కర్లేదు. అతని నులకమంచాన్ని పొద్దున్నే ఆమే సరుగుడు నీడలోకి లాగేది. సముద్రం గాలి తిరిగాక బాణం పక్కకు పోతుందని పొద్దెక్కకముందే కొట్టించేవాడు.

మొదట అరటిబోదె నిలబెట్టారు. బాణం మెత్తగా దిగుతుంది, మెత్తగా వస్తుంది. కానీ ఎండకు అది కుళ్లి ఈగలు ముసిరేవి. తర్వాత చిరిగిన చేటకు పేడ మెత్తి ఎండబెట్టి, మధ్యలో సున్నం బొట్టు పెట్టి, వెనక పాత తాటాకు చాపను చుట్టగా కట్టారు. అది చాలా రోజులు నిలిచింది. పరుగెత్తే పందికి బదులు గోనెసంచిలో శనగపొట్టు కుక్కి కొమ్మకు వేలాడదీశారు. వెంకటశేషమ్మ దాన్ని ఒక్క తోపు తోసి, వెనక్కి పరుగెత్తుకొచ్చి, విల్లు ఎత్తేలోపల అది ఊగడం ఆగిపోయేది.

"అది పంది కాదే, ఉయ్యాల. పాట పాడు," అనేవాడు ముత్యాలయ్య.

"నువ్వొచ్చి తొయ్యి మరి."

"తోస్తాగాని ముందు నన్ను తొయ్యి."

ఆమె చేతివేళ్లు నారికి కోసుకుపోయి గుడ్డపేలికలు చుట్టుకునేది. ఆ వేళ్లతోనే వంట చేసేది. సణగడం నేను వినలేదు.

బాణాలు చేటకు తగలడం మొదలయ్యాక, చేట పక్కన గడ్డిమనిషిని నిలబెట్టారు. కొయ్య పాతి, అడ్డంగా ఇంకో కొయ్య కట్టి, గడ్డి చుట్టారు. గడ్డి జారిపోకుండా ముత్యాలయ్య పాత చొక్కా తొడిగారు. తలకు ఓటికుండ బోర్లించారు. ఆ గళ్ల గుడ్డ మా ఊరికి మూట మోసుకొచ్చే గుడ్డల వ్యాపారి దగ్గర కొన్నది. ఒకే తానులో ఊళ్లో సగంమందికి చొక్కాలు కుట్టించారు. మా నాయనకూ ఒకటి ఉంది. జ్వరం మా నాయనకు వచ్చి ఉంటే బొమ్మ ఆయనదే అయ్యేది.

జ్వరం తగ్గగానే రమణయ్య గురవమ్మను వెంటబెట్టుకుని వాళ్ల దొడ్లోకి వచ్చాడు. దుప్పటి ఇంకా కప్పుకునే ఉన్నాడు.

"ఏం ముత్యాలన్నా, కావలి కోసం మనిషిని తీసేదానికి కూడా తయారైనారా?"

"కూచో అబ్బయ్యా, జ్వరంపడి లేచినావు," అన్నాడు ముత్యాలయ్య.

"బొమ్మ ఎవరిది?"

"గడ్డిది."

"ఆ చొక్కా నాది కాదా?"

"నీ చొక్కా నీ ఒంటిమీదనే ఉంది గదరా. నీ బొమ్మ కట్టాలంటే ఆ పొట్టకు నా గడ్డివామి అంతా చాలదు."

గురవమ్మకు కూడా నవ్వు వచ్చింది. కానీ వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నవ్వులాట కాదు నాయనా, బాణం దిగింది నా కళ్లతో చూసినా," అన్నది. వెంకటశేషమ్మ విల్లుకు నారి బిగిస్తూ తల ఎత్తలేదు. రమణయ్య బొమ్మను పీకి కాల్చమన్నాడు. కొట్టి చూపించే రోజు అయ్యాక కాల్చుకోమని ముత్యాలయ్య అన్నాడు. ఇద్దరూ గొణుక్కుంటూ పోయారు. బొమ్మ ఎవరిదని అడిగారు గానీ, అది ఎందుకని అడగలేదు.

చిన్నపోలయ్య బీడులో ఆ రోజు ఊరు ఊరంతా చేరింది. నేను మా అమ్మ వెనక నిలబడ్డాను. శనగపొట్టు సంచికి పొడుగాటి తాడు కట్టి, ఒక పాలేరు బీడుకు అడ్డంగా ఈడుస్తాడు. కదులుతుండగానే కొట్టాలి.

ముందు రమణయ్య కొట్టాడు. బాణం సంచి నడుమ దిగింది. వాళ్ల వాళ్లు కేకలు వేశారు.

తర్వాత వెంకటశేషమ్మ వచ్చింది. కొంగు నడుముకు దోపుకుంది. సంచి కదిలింది. ఆమె నారి చెవిదాకా లాగింది. లాగి, అలాగే ఉండిపోయింది. తర్వాత విల్లు దించేసింది. సంచి బీడు చివరికి పోయి ఆగింది.

జనం నవ్వారు. "చేతులు వణికినాయిరోయ్," అని ఎవరో అరిచారు. ముత్యాలయ్య కూడా మంచం మీద మోయించుకుని వచ్చి చూస్తున్నాడు.

"ఏమ్మే, కొట్టలా?" అన్నాడు చిన్నపోలయ్య.

"గట్టు మీద గురవమ్మత్త వస్తాంది మామా."

అందరూ అటు చూశారు. సంచి పోయిన దారికి అవతల గట్టు మీద గురవమ్మ గడ్డిమోపు ఎత్తుకుని వస్తోంది. మోపు కళ్లమీదికి వాలి ఉంది. ఆమెకు ఇదేమీ తెలియదు.

"ఆమె యాడనో ఉంటే సంచికేమి?" అన్నాడు రమణయ్య. "నేనైతే కొట్టేసేవాణ్ణి."

"కొట్టేవాడివా?"

"ఎందుకు కొట్టను? నా గురి తప్పుద్దా?"

చిన్నపోలయ్య అతని వైపు తిరిగాడు. "మా పెద్దోడు కాయ ఊరినాక చేలోనే పడుకుంటాడు రమణా," అన్నాడు.

గురవమ్మ దాటిపోయాక సంచిని మళ్లీ ఈడ్పించారు. వెంకటశేషమ్మ బాణం నడుమ తగల్లేదు. కింది మూల దిగింది. చిన్నపోలయ్య దగ్గరికి పోయి చూసి వచ్చి, "కావలి ఆ ఇంట్లోనే ఉండనీ," అన్నాడు. రమణయ్య తన బాణం పీక్కుని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం గురవమ్మ మా వాకిట్లో కూర్చుని, "చూసినారా, ఈసారి నామీదనే పెట్టింది గురి. నా మెళ్లో పోలేరమ్మ తాయెత్తు ఉండబట్టి దాని చెయ్యి ఆగింది," అని చెప్పింది. మా అమ్మ అవునవునని తల ఊపింది.

ఆ ఏడు వెంకటశేషమ్మ ఇంటికి గంపలు వచ్చాయి. ఆ తర్వాత ఏళ్లలోనూ వచ్చాయి. బొమ్మ మాట మాత్రం ఊళ్లో పోలేదు. కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్లకు కూడా చెబుతారు.

వెంకటశేషమ్మ ఆ బొమ్మకు ఏ రోజూ గురి పెట్టలేదు. చేలో పంది దగ్గర మనిషి కూడా ఉండొచ్చని, చేటను కొట్టేటప్పుడు పక్కవాడికి తగలకుండా కొట్టడం అలవాటు కావాలని, ముత్యాలయ్య దాన్ని అక్కడ పాతించాడు. గురవమ్మ చూసిన బాణం గురి తప్పి తగిలినది. ఆ రోజంతా ముత్యాలయ్య వెంకటశేషమ్మను మళ్లీ విల్లు ముట్టనివ్వలేదు.