పొయ్యి లేని గది

దీన్ని ఎవరికీ చెప్పకుండా ఇన్నేళ్ళు మోశాను. మోశాను అంటే ఏడుస్తూ కూర్చున్నానని కాదు. బాగానే తిన్నాను, బాగానే నవ్వాను, పిల్లల పెళ్ళిళ్ళు చేశాను, నా క్లినిక్ నడుపుకున్నాను. కానీ ఎవరైనా "మీ అత్తమ్మ అదృష్టం, మంచి కోడలు దొరికింది" అన్నప్పుడల్లా లోపల ఏదో కదిలేది. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. మా ఇంట్లో వాళ్ళ మొహం చూస్తూ ఈ మాట నా నోట రాదు. ప్రయత్నించాను. రాలేదు.

మాది వరంగల్లు. మట్టెవాడలో మా అత్తగారింటికి కిరాణా దుకాణం ఉండేది. అందులో బెల్లం వ్యాపారమే పెద్దది. ముందు దుకాణం, వెనక ఇల్లు. ఏ మూల కూర్చున్నా బెల్లం వాసనే. పదహారేళ్ళకు ఆ ఇంటికి కోడలిగా వచ్చాను. కోడలు పదో తరగతి పాసయిందని మా అత్తమ్మ బజారంతా చెప్పుకుంది. ఆవిడకు అక్షరం ముక్క రాదు, చదువంటే మాత్రం ప్రాణం. పెళ్ళయ్యాక నేను ఇంటర్ చదివినా, ఇద్దరు పిల్లల్ని కని మధ్యలో డిగ్రీ పూర్తి చేసినా అదంతా ఆవిడ చలవే. నేను కాలేజీ నుంచి వచ్చేసరికి పిల్లలకు అన్నం తినిపించి, నిద్రపుచ్చి, నాకు కంచంలో వడ్డించి పెట్టేది. కోడలు కాలేజీకి పోవడమేంటని ఎవరైనా అంటే, "నీకేం నొప్పి?" అని మొహం మీదే అడిగేది.

పళ్ళ డాక్టర్ కావాలన్న ఆలోచన కూడా ఆవిడ దగ్గరే మొదలైంది. ఎప్పుడూ పంటి నొప్పికి బుగ్గన లవంగం పెట్టుకుని ఉండేది. బెల్లం దుకాణంలో ఉన్న మనిషి, వచ్చేపోయేటప్పుడు ఒక ముక్క నోట్లో వేసుకోకుండా ఉండలేకపోయేది. పెద్ద డాక్టర్ చదువుకు నా మార్కులు చాలలేదు, పళ్ళ చదువుకు సరిపోయేలా ఉన్నాయి. ఆ మాట చెబితే ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. "నా పండ్లన్నీ నీకేనే పిల్లా, మంచిగ నేర్సుకో" అంది. అప్పటికి నాకు ఇరవై ఏడేళ్ళు. అమ్మాయికి ఎనిమిది, అబ్బాయికి అయిదు. నేను పరీక్ష హాల్లోకి అడుగుపెడితే ముందు వరుస పిల్లలు నన్ను పేపర్లు ఇచ్చే మేడమ్ అనుకుని లేచి నిలబడ్డారు.

అవి డెబ్బైల చివరి రోజులు. నా ముందు రెండు కాలేజీలు ఉన్నాయి. ఒకటి హైదరాబాదులో, అంటే మా మాటల్లో పట్నంలో, సర్కారుది. రెండోది కర్ణాటకలో, సముద్రం దగ్గరి ఊళ్ళో, ప్రైవేటుది. దాని ఖర్చు మా నాన్న పెట్టుకుంటానన్నాడు. పట్నంలో వస్తే పట్నం, రాకపోతేనే కర్ణాటక అని ఇంట్లో అందరూ కలిసి తేల్చేశారు. హైదరాబాదులో మా ఆడబిడ్డ ఇల్లుంది. వెనక రెండు గదులు నాకోసం ఖాళీ చేయించింది. పిల్లలు నా వెంటే ఉంటారు. వాళ్ళ బడి కూడా మాట్లాడి పెట్టారు. మా ఆయన ఆదివారం ఆదివారం రైలెక్కి వస్తాడు. అందరూ నా సుఖం చూసే ఆలోచించారు. ఎవరి మీదా వంక పెట్టడానికి లేదు.

ఆ ఏడు మేడారం జాతరలో అత్తమ్మ మొక్కుకుంది కూడా. నేను పక్కనే ఉన్నాను. "తల్లీ సమ్మక్కా, నా కోడలికి పట్నంల సీటియ్యి. పిల్లలు తల్లి కాడనే ఉండాలె. నిలువెత్తు బంగారం తూగిస్త" అంది. అక్కడ బంగారమంటే బెల్లమే. మొక్కు తీరిన మనిషిని తక్కెడలో కూర్చోబెట్టి, ఆ బరువుకు సరిపడా బెల్లం తూచి తల్లికి ఇస్తారు.

మరి నేనెందుకు అలా చేశాను? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు వేసుకున్నానో.

ఇంటర్వ్యూకి ముందు మా అన్నయ్యతో కలిసి కర్ణాటక కాలేజీ చూడ్డానికి వెళ్ళాను. హాస్టల్లో ఒక గది చూపించారు. మంచం, బల్ల, కుర్చీ, కిటికీ. అంతే. "వంట ఎక్కడ చేసుకోవాలి?" అని అడిగాను. చూపిస్తున్న వార్డెనమ్మ నవ్వి, గదిలో పొయ్యి పెట్టనివ్వమని, వేళకు మెస్సులో భోజనం ఉంటుందని చెప్పింది. నేను ఆ మంచం మీద కాసేపు కూర్చున్నాను. పుట్టింట్లో చెల్లెళ్ళ మధ్య పడుకున్నాను, అత్తగారింట్లో పిల్లల మధ్య పడుకున్నాను. ఒక గదిలో ఒక్కదాన్నే పడుకున్న రాత్రి నా బతుకులో ఒక్కటి కూడా లేదని అప్పుడు తట్టింది. అంతకుముందు అలాంటి కోరిక ఒకటి ఉంటుందని కూడా నాకు తెలియదు. తెలిశాక మాత్రం ఊరుకోలేదు. రైల్లో వస్తున్నంతసేపూ ఆ గదే కళ్ళముందు.

హైదరాబాదులో ఇంటర్వ్యూకి మా ఆయన తోడొచ్చాడు. గేటు బయట నిలబడ్డాడు. లోపల పెద్దాయన ఒకాయన సర్టిఫికెట్లు చూసి, సీటు ఉందమ్మా, తీసుకుంటారా అని అడిగాడు. ఆ రోజుల్లో అక్కడికక్కడే తేల్చేవాళ్ళు. ఆడబిడ్డ ఇంటి వెనక గదులు గుర్తొచ్చాయి. తెల్లారగట్ల పొయ్యి, టిఫిన్ డబ్బాలు, వచ్చేపోయే చుట్టాలు, పిల్లల జ్వరాలు, వీటన్నిటి మధ్య ఎక్కడో నా పుస్తకం. "వద్దండి" అన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి చూశాడు. "ఆలోచించుకున్నారా?" అన్నాడు. "ఆలోచించుకున్నాను" అన్నాను. నా వెనక కూర్చున్న అమ్మాయిని పిలిచారు. ఆ అమ్మాయికి మేలు చేశానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. ఎవరిని మోసం చేయడానికి?

బయటికొస్తే మా ఆయన ఎదురొచ్చాడు.

"ఏమన్నరు?"

"రాలే. నా ముందల వాళ్ళతోనే అయిపోయినయట."

ఆయన మొహం చిన్నబోయింది. కానీ క్షణంలో సర్దుకున్నాడు. "పోనీ తియ్. ఫికర్ చెయ్యకు. కర్ణాటకల ఉన్నది గద" అన్నాడు. రోడ్డవతల చెరుకు రసం బండి దగ్గరికి తీసుకెళ్ళి నాకు ఒక గ్లాసు ఇప్పించాడు. తను తాగలేదు. నేను మొత్తం తాగాను. అంత మంచి మనిషి ముందు నిలబడి గ్లాసు ఖాళీ చేశాను.

నేను అనుకున్నది అంతే. ఒక చిన్న అబద్ధం, ఎవరికీ నష్టం లేదు, పిల్లలు నాయనమ్మ దగ్గర రాజాల్లా ఉంటారు. అసలు దెబ్బ ఎక్కడ తగులుతుందో నాకు ఊహకు కూడా అందలేదు.

ఇంటికొచ్చాక అత్తమ్మకు చెప్పాం. ఆవిడ లేచి దుకాణంలోకి వెళ్ళి బెల్లం బస్తా మీద కూలబడింది. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"తల్లికి నా మీద కోపమొచ్చింది బిడ్డా" అంది.

"ఎందుకొస్తది అత్తమ్మా?"

"మొక్కుకున్ననాడు నా చేతిల ఏం బెల్లముండె, యాదికున్నదా? వానకాలంల చెమ్మెక్కి ఎవ్వలు కొనని ముద్దలు. పారెయ్యబుద్ధి గాక జాతరకు పట్టుకపోయిన. మనుషులకు అమ్మరానిది తల్లికి పెట్టిన. ఆమెకు తెల్వదా?"

"అట్ల కాదు అత్తమ్మా."

"మరెట్ల? నువ్వు మంచిగనే చదివినవ్. మార్కులొచ్చినయ్. మరెందుకియ్యలే?"

నా దగ్గర జవాబు ఉంది. నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడు చెప్పి ఉంటే ఏమయ్యేది? తిట్టేది. ఏడ్చేది. పొద్దున్నే నన్ను మళ్ళీ హైదరాబాదు బండెక్కించేది, ఆ పెద్దాయన కాళ్ళు పట్టుకునైనా సీటు అడిగేది. అదే నా భయం. గది పోతుందన్న భయం. కాబట్టి నేల చూస్తూ కూర్చున్నాను.

"నా కక్కుర్తికి పిల్లలు తల్లికి దూరమైతాండ్రు" అంది ఆవిడ. "వాళ్ళ ఫికర్ నీకొద్దు. నేను సూస్కుంట. నువ్వు మనసుబెట్టి చదువు."

ఆ రోజు నుంచి ఆవిడ బెల్లం ముట్టలేదు. పండగ బూరెలు కూడా నోట పెట్టలేదు. అడిగితే తల్లికి చెప్పుకున్నానంది. బెల్లం వాసన మధ్య బతికే మనిషి, బెల్లమంటే పడిచచ్చే మనిషి.

నేను కర్ణాటక వెళ్ళిపోయాను. మీ దగ్గర దాచి ప్రయోజనం లేదు, అక్కడ నేను సంతోషంగా ఉన్నాను. మొదటి రాత్రి తలుపు గడియ పెట్టుకుని నా మంచం మీద కాళ్ళు చాపుకుని పడుకున్నప్పుడు నవ్వొచ్చింది. పిల్లలు గుర్తొచ్చి ఏడ్చిన రోజులున్నాయి, చాలా ఉన్నాయి. కానీ తెల్లారి లేచి, ఎవరికీ టీ పెట్టకుండా, మొహం కడుక్కుని పుస్తకం తెరిచినప్పుడు ఆ ఏడుపు ఉండేది కాదు. తల్లిని కదా, ఇలా ఎలా ఉండగలిగాను అని ఇప్పుడు అడుగుతున్నాను. అప్పుడు అడగలేదు.

సెలవులకు వస్తే పిల్లలు రైల్వే స్టేషన్లోనే మీద పడేవాళ్ళు. నున్నగా దువ్విన తలలు, ఉతికిన బట్టలు. అమ్మాయికి నాయనమ్మ ఎక్కాలు నేర్పించేదట, బెల్లం తూకాలతో. చిన్నవాడు మొదటి ఏడాదే నాయనమ్మను అమ్మా అనడం మొదలుపెట్టాడు. నన్ను కాలేజమ్మా అనేవాడు. ముద్దుగానే అనేవాడు, మెడ చుట్టూ చేతులేసి మరీ. అత్తమ్మ వాడి నెత్తిన ఒకటి వేసి, "కాలేజమ్మ ఏందిరా, అమ్మ అను" అని కసిరేది. తర్వాత వంటింట్లో నా చెయ్యి పట్టుకుని, "మాఫ్ చెయ్యి బిడ్డా, నా వల్లనే ఇట్లయింది" అనేది. అప్పుడైనా చెప్పానా? లేదు.

చదువు ముగించుకుని వచ్చాక జరిగిన మొదటి జాతరకు అత్తమ్మ నన్ను మేడారం బయల్దేరదీసింది. పట్నంలో కాకపోయినా డాక్టర్ని అయితే అయ్యాను కదా, కోపం పెట్టుకోకుండా తల్లి ఇచ్చింది కదా అని ఆవిడ లెక్క. ఈసారి బెల్లం తనే ఏరింది. ఒక్కొక్క ముద్ద చేతిలోకి తీసుకుని, వెలుతురులో చూసి, వాసన చూసి, కొత్త బట్టలో మూట కట్టించింది. నన్ను తక్కెడలో కూర్చోబెట్టారు. ఆవిడ ముద్ద మీద ముద్ద రెండో పళ్ళెంలో పెడుతూ ఉంది. చుట్టూ డప్పులు, దుమ్ము, జనం. నా పళ్ళెం మెల్లగా లేచింది. అప్పుడు ఆవిడ తల్లి గద్దె వైపు తిరిగి రెండు చేతులూ జోడించి, "నా తప్పు కాయి తల్లీ" అంది. కళ్ళు ధారగా కారుతున్నాయి. నేను ఆవిడకు జానెడు దూరంలో ఉన్నాను, పైన, గాల్లో. తప్పు చేసింది నేను. తూగింది నేను. క్షమించమని అడిగింది ఆవిడ. నేను దిగి, ఆవిడ కళ్ళు తుడిచి, జన సందడిలో చెయ్యి పట్టుకుని బస్సు దాకా నడిపించాను. అందరూ ఎంత మంచి కోడలు అన్నారు.

మట్టెవాడలోనే క్లినిక్ పెట్టాను. అత్తమ్మ నా మొదటి పేషెంటు, అన్న మాట ప్రకారం. చివరికి మిగిలినవి కూడా తీసేసి కట్టుడు పళ్ళు పెట్టాల్సి వచ్చింది. అచ్చు తీయడానికి నోట్లో ముద్ద పెట్టి పట్టుకున్నాను. అది గట్టిపడేదాకా మనిషి మాట్లాడకూడదు, కదలకూడదు. ఇంతకంటే సులువైన సమయం నాకు దొరకదనిపించింది. మొదలుపెడితే, ఆవిడ జవాబు చెప్పేలోపు నేను మొత్తం చెప్పేయొచ్చు.

"అత్తమ్మా, పట్నంల సీటు..." అన్నాను.

ఆవిడ కళ్ళు నా వైపు తిరిగాయి. చెయ్యెత్తి నా చెంప నిమిరింది. పాత బాధ గుర్తొచ్చి అంటున్నాననుకుంది. ఊరుకో, తప్పు నాదేలే అన్నట్టు ఆ చెయ్యి.

"ఏం లేదు. కదలకు" అన్నాను.

ఆ తర్వాత కొన్నేళ్ళకు ఆవిడ పోయింది. బెల్లం ముట్టకుండానే పోయింది.

ఇప్పుడు మా ఇంట్లో ఇదొక కథ. నాయనమ్మ చెమ్మ బెల్లం పెడితే సమ్మక్క అలిగి అమ్మకు పట్నం సీటు ఇవ్వలేదు అని మా అమ్మాయి తన పిల్లలకు చెబుతుంది, అత్తమ్మ గొంతు అనుకరిస్తూ. పిల్లలు పడీ పడీ నవ్వుతారు. ప్రేమగానే చెబుతుంది, ఆవిడంటే దానికి ప్రాణం. నేనూ నవ్వుతాను. మొన్న మనవరాలు నా ఒళ్ళో తల పెట్టుకుని, "నిజంగా అందుకేనా అమ్మమ్మా?" అని అడిగింది. ఊఁ అన్నాను. పోయిన మనిషి మీద ఆ తప్పు మళ్ళీ ఒకసారి వేశాను. ఆ రోజు నుంచి అన్నం సహించడం లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. అడగాల్సింది మిమ్మల్ని కాదు. ఆ గదిని కోరుకున్నందుకు సిగ్గుపడుతున్నానా అంటే, నిజం చెప్పాలి, పడటం లేదు. ఈ రోజు అడిగినా ఆ గదే కావాలంటానేమో. కావాలని నోరు తెరిచి అడిగి ఉంటే ఆవిడే మూటాముల్లె సర్ది పంపి ఉండేదని కూడా నాకు తెలుసు. నేను అడగలేదు. ఆవిడ చేత మోయించాను.

ఆవిడతో చెప్పాల్సిన నాలుగు మాటలు ఇన్నాళ్ళకు ఇక్కడ రాస్తున్నాను.

అత్తమ్మా, సీటొచ్చింది. తల్లి నీ మొక్కు ఇన్నది. నీ బెల్లంల ఏ తప్పు లేదు. నేనే వద్దన్న.