లేని కొక్కెం
ఇంగ్లీషు టీచరమ్మ ‘హ్యాంగ్ అప్’ పాఠం ఎప్పుడూ చేత్తోనే చెబుతుంది. “పూర్వం ఫోను గోడకుండేది. మాటలయ్యాక రిసీవరు కొక్కేనికి తగిలించేవాళ్లు. కొక్కెం పోయినా మాట మిగిలింది. మనం మాత్రం, ఎక్కడ పెడతామని ‘పెట్టేస్తున్నా’ అంటాం?” అంటూ లేని కొక్కేనికి లేని రిసీవరు తగిలిస్తుంది. తను మాత్రం ఎవరి ఫోనూ ముందు పెట్టేయదు. అవతలివాళ్లు చెప్పాల్సిందేదో మిగిలిపోతుందని భయం. ఆరోజు “చిన్న ఆపరేషనే, క్లాసు మానకు” అని భర్తే బలవంతాన పంపితే వచ్చింది. చెయ్యి గాల్లో ఉండగానే ఆస్పత్రి నుంచి కూతురు ఫోన్ చేసింది. “అమ్మా, నాన్నని ఇంకా బయటికి తేలేదు. డాక్టరు నన్ను లోపలికి రమ్మంటున్నారు. పెట్టేస్తున్నా.” టీచరమ్మ ఫోను చెవికి అదుముకుని అలాగే నిలబడిపోయింది. ముందు బెంచీ అమ్మాయి మెల్లగా అంది, “మేడం, కట్టయిపోయింది.”

“తెలుసమ్మా. దించితే మళ్లీ మోగుతుంది.”