ఎనభై ఏడా, తొంభై మూడా?

మొన్న ముళబాగిలు బంకులో తమ్ముడు తన పికప్పుకు పెట్రోలు పట్టిస్తుంటే, అక్కడి అమ్మాయి సాదాదా, పవర్‌దా అని అడిగింది. వాడు ఫోనులోంచి తల ఎత్తకుండానే సాదాది చాలన్నాడు. నాకు మాత్రం మనసు అక్కడే ఆగిపోయింది, ఎందుకంటే ఒకప్పుడు మా ఇంట్లో ఈ ప్రశ్న మీదే వారం రోజులు ఎవరికీ ముద్ద దిగలేదు.

నాయన కోలారు బంగారు గనిలో రాతికి బెజ్జాలు వేసే పని చేసేవాడు. పాతికేళ్ళు ఆ యంత్రం హోరులో రెండు చెవులూ పోగొట్టుకుని, గని మానుకున్నప్పుడు చేతికొచ్చిన డబ్బుతో ఒక పాత పెట్రోలు పికప్పు కొని మా ఊరు బైరకూరు చేరాడు. చిన్నాయన దాన్ని నడిపి తోటల మామిడికాయలు శ్రీనివాసపురం మండీకి తోలేవాడు. ఇంటిల్లిపాదికీ అదే ఆధారం. అయితే లోడుతో గట్టు ఎక్కుడు వచ్చిందంటే చాలు, ఇంజను లోపల ఎవరో సుత్తితో కొడుతున్నట్టు టకటకమనేది.

అప్పట్లో బంకుల్లో ఎనభై ఏడు, తొంభై మూడు అని రెండు రకాల పెట్రోలు ఉండేది. ఆ అంకె ఏమిటో, వేడో, బలమో, పాలలో వెన్నలాంటిదో తెలియక కనపడిన వాళ్ళందరినీ అడిగి విసిగించాను. ఇంజను టకటకమనకుండా పెట్రోలు ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె అదని చాలా ఏళ్ళకు గానీ తెలియలేదు. చిన్నాయన తొంభై మూడు పోయిస్తే చప్పుడు తగ్గింది కానీ వచ్చిన బాడుగంతా దానికే సరిపోయింది. ఎనభై ఏడుతో ఇలాగే తోలితే ఇంజను పగులుతుందని మెకానిక్కు భయపెట్టాడు. చివరికి అమ్మ, చిన్నాయన కలిసి బండి అమ్మేయాలని తేల్చారు, చిత్తూరు నుంచి సోమవారం బేరగాడు వస్తాడన్నారు.

ఇదంతా నాయన ఎదురుగానే జరిగింది, ఆయనకు మాత్రం ఎవరూ చెప్పలేదు. చెప్పాలంటే అరవాలి, అరిస్తే వీధంతా వింటుంది. అలా ఆయనను అడగకుండానే అన్నీ జరిపించేయడం మాకు అలవాటైపోయింది, తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. నేను ఉండబట్టలేక క్యాలెండరు కాగితం వెనక రాసి చూపించాను. ఆయన రెండుసార్లు చదువుకుని, "గనిలో పైరాయి యాడ వదులైందో చెవి పోయినాక చేత్తోనే కనుక్కున్నాను గదమ్మా, ఇంగ ఈ ఇంజను నాకొక లెక్కా?" అన్నాడు.

ఆదివారం పొద్దున్నే ఎనభై ఏడు పోయించి, బండి నిండా కాయలెత్తించి, మెకానిక్కును వెనక కూర్చోబెట్టి, చిన్నాయనను ఎక్కుడుకు తోలమన్నాడు. నేను పట్టుబట్టి మధ్యలో కూర్చున్నాను. గేరు కడ్డీ పక్క సందులోంచి సన్నని గడ్డపార ఒకటి ఇంజనుకు ఆనించి, రెండో కొసకు తువ్వాలు చుట్టి దవడ ఎముకకు అదిమిపెట్టి, నాయన కళ్ళు మూసుకున్నాడు. టకటక మొదలవగానే చెయ్యెత్తేవాడు. బండి ఆపితే, నిప్పురవ్వ ఎప్పుడు పడాలో నిర్ణయించే డబ్బాను మెకానిక్కు వెంట్రుకవాసి తిప్పేవాడు, మళ్ళీ మొదటినుంచి ఎక్కుడు. మొదట్లో నవ్విన మెకానిక్కు నాలుగోసారికి నవ్వడం మానేశాడు. ఆరోసారి గట్టు పైదాకా పోయినా నాయన చెయ్యి లేవలేదు. బండి లాగుడు కాస్త మందగించిన మాట నిజమే, రెండో గేరులో ముక్కుతూ ఎక్కింది, కానీ చప్పుడు లేదు. "రవ్వ తొందరపడతా ఉన్నింది, పెట్రోలు తప్పేమీ లేదప్పా," అన్నాడు చిన్నాయనతో.

సోమవారం వచ్చిన బేరగాడికి నాయనే కాఫీ ఇచ్చి సాగనంపాడు. ఆ తరువాత అమ్మ ఏది చేయాలన్నా ఆయన ఎదురుగా కూర్చుని, పెదవులు కనపడేలా నిదానంగా చెప్పి, ఆయన తల ఊపాకే చేసేది.

ఇప్పటి ఇంజన్లు తమ చప్పుడు తామే పసిగట్టి సర్దుకుంటాయని తమ్ముడు చెప్పాడు. ఎలా అని అడిగితే, నీకెందుకక్కా అవన్నీ అని నవ్వేశాడు. ఈమధ్య నాకూ చెవులు మందగించాయి. పిల్లలు పక్క గదిలో ఏవో మాట్లాడుకుని తేల్చేసుకుంటారు, నాకు తరువాత తెలుస్తుంది. అరిచి చెప్పడం వాళ్ళకు కష్టమని నేనే అడగడం మానేశాను, తెలుసుకోవాలని మాత్రం ఇంకా ఉంటుంది.