తన కన్ను తాకని వేలు

కోడుమూరు దాటి, పత్తి చేల మధ్య రోడ్డు పట్టుకుని పోతే వచ్చే ఊళ్లో హనుమంతమ్మ ఇల్లు ఏదని ఎవరినీ అడగనక్కర్లేదు. పొద్దు పొడవక ముందే ఏ ఇంటి ముందు ఒక మనిషి కన్ను మూసుకుని కూర్చుని ఉంటే అదే ఆమె ఇల్లు. ఇప్పుడూ అట్లాగే వచ్చి కూర్చుంటారు. కాకపోతే వాళ్లు వచ్చేది హనుమంతమ్మ కోసం కాదు.

ఆమె చేసిన వైద్యం చూస్తే ఓస్ ఇంతేనా అనిపించేది. కంటిరెప్పకు కురుపు లేచిన మనిషిని తూర్పు ముఖంగా కూర్చోబెట్టి, తన కుడిచేతి ఉంగరపు వేలిని ఎడమ అరచేతిలో చురుక్కుమనే దాకా రుద్ది, కురుపు మీద ఆనించేది. మూడుసార్లు, మూడు పొద్దులు, అంతే. పైసా పుచ్చుకునేది కాదు. మేలు చేశావన్న మాట కూడా ఆ వాకిట్లో అనకూడదు, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోవాలి. ఎవరైనా మరిచిపోయి దండం పెట్టబోతే గయ్యిమనేది.

"పోప్పా పో! చేసిందంతా చెడగొడతాండావు."

నాలుగో రోజుకు కురుపు చితికి, చీము పోయి, కన్ను తేటపడేది. అది దానంతటదే తగ్గేదే కదా అని చదువుకున్నవాళ్లు అంటారు. అననీ. రెప్ప సలుపుతో తెల్లవార్లూ నిద్రపట్టనివాడికి ఆ వెచ్చని వేలు ఆనినప్పటి హాయి వాళ్లకేం తెలుసు.

ఈ చెయ్యి ఆమెకు ఇచ్చింది ఆమె అత్త. పేరు పెద్దక్క. కాపురానికి వచ్చిన రెండో ఏడు, చేలో వేరుశనగ పీకే రోజులు. గోళ్లలో ఎర్రమట్టి ఇంకా వదలలేదు. పెద్దక్క కోడలిని చీకటితోనే లేపి వాకిట్లో కూర్చోబెట్టింది. ఆమె ఉంగరపు వేలికి ఆముదం రాసి, తన అరచేతిలో మూడుసార్లు రుద్ది, "ఇంక నీది" అంది. ఇచ్చిన మనిషి మళ్లీ ఇంకొకరి కన్ను ముట్టకూడదని, చెయ్యి ఉన్న మనిషి తన కన్ను ఆ వేలితో తాకకూడదని చెప్పింది. తన కంటికే కురుపు వస్తే చెయ్యి వేరొకరికి ఇచ్చి వాళ్లతో చేయించుకోవాలంది. అన్నీ చెప్పి, పశువులకు మేత వేయడానికి లేచి, మళ్లీ వెనక్కి వచ్చింది.

"వేలికి వేడి తగిలితేనే అది మన కురుపు. సల్లగా, గట్టిగా ఉంటే మనది కాదు, ఆస్పత్రిది. పంపించెయ్. మొగమాటపడొద్దు."

అప్పటికి హనుమంతమ్మకు పంతొమ్మిదేళ్లు. ఆ రోజు నుంచి నలభై ఒక్క ఏండ్లు, ముఖం కడుక్కునేటప్పుడు కూడా ఆ ఒక్క వేలు మడిచే కడుక్కుంది. "నా పెండ్లాం ముఖానికి నాలుగు వేళ్లే" అని మొగుడు ఓబులేసు కనిపించిన చుట్టానికల్లా చెప్పి నవ్వేవాడు. ఆమెకూ నవ్వొచ్చేది, కానీ వేలు మాత్రం విప్పేది కాదు.

పెద్దక్క చెప్పిన చివరి మాటనూ ఆమె ఏనాడూ జవదాటలేదు. ఏడేళ్ల కిందట ఆటో ఏసేపు కింది రెప్ప మీద చిన్న గడ్డతో వచ్చాడు. వేలు ఆనించీ ఆనించకముందే ఆమె వెనక్కి తీసుకుంది. "సల్లగుండాది ఏసేపూ. నాది కాదు. కర్నూలుకు పో" అంది. అతను గొణుక్కుంటూనే వెళ్లాడు. వేళకు వచ్చావని అక్కడ కోసి తీసేశారు. అప్పటి నుంచి రోడ్డు మీద హనుమంతమ్మ కనిపిస్తే ఏసేపు ఆటో ఆగకుండా పోయిన రోజు లేదు.

అట్లాంటి మనిషికి ఎడమ కంటి పైరెప్పలో కందిగింజంత గడ్డ లేచింది.

నొప్పి లేదు. కోడుమూరులో మందుల అంగడి నుంచి ఓబులేసు రెప్పకు పూసే గొట్టం మందు తెచ్చాడు. కొంచెం అణిగినట్టే అణిగి, రెండు నెలలకు మళ్లీ అదే చోట లేచింది. మళ్లీ అదే మందు. మూడోసారి లేచేటప్పటికి ఆ చోట రెప్ప వెంట్రుకలు రాలిపోయాయి. ముసలితనం అనుకుంది. మిగిలిన వేళ్లతో తడిమి చూసుకుంది, కానీ ఆ వేళ్లకేం తెలుసు? తెలిసిన వేలు ఒక్కటే, దాన్ని అక్కడ ఆనించకూడదు.

"కర్నూలుకు పోదాం పా" అని ఓబులేసు పోరు పెట్టాడు.

"కురుపుకు నేనే ఆస్పత్రికి పోతే రేపు మన గడపకు ఎవరొస్తారు?"

"పోనీ కోడలికి చెయ్యి ఇచ్చి చేయించుకో."

ఆ మాట వినగానే ఆమె చేట అందుకుని లోపలికి పోయింది. ఉన్న మాట చెప్పాలంటే ఆమెకు భయం వేసింది, కంటి గురించి కాదు. చెయ్యి ఇచ్చేస్తే పొద్దున్నే తన కోసం వచ్చే మనిషి ఉండడు. కరువులో చేను ఎండినా, కూలికి పోయినా, ఎవరెన్ని మాటలన్నా, తెల్లవారేసరికి ఒకరు వచ్చి తన ముందు ముఖం ఎత్తి, కన్ను మూసుకుని, నమ్మి కూర్చునేవారు. అది లేకపోతే తను ఎవరు? చెయ్యి ఇచ్చాక పెద్దక్క అరుగు మీద కూర్చుని, ఊరికే వేలిని అరచేతిలో రుద్దుకుంటూ ఉండేది. అప్పుడు చూసి నవ్వుకున్న హనుమంతమ్మకు ఇప్పుడు అదే కళ్ల ముందు మెదులుతోంది.

అట్లా పదకొండు నెలలు నెట్టుకొచ్చింది. చివరికి పక్క ఊరి కాలేజీ పిల్ల నాగలత కంటి కురుపుతో వచ్చి ఎదురుగా కూర్చుంది. కన్ను మూసుకోకుండా హనుమంతమ్మ రెప్పకేసే చూసింది.

"అవ్వా, నీ కంటికే పెద్దది ఉండాదే?"

పిల్ల తప్పుగా అనలేదు. కానీ ఆ పొద్దు హనుమంతమ్మ వేలు ఎంత రుద్దినా వేడెక్కినట్టు అనిపించలేదు.

మరుసటి రోజు తెల్లవారకముందే కోడలు శివలీలను లేపింది. శివలీల ఇంట్లోనే కుట్టుమిషన్ తొక్కుతుంది. సూది పోట్లతో వేళ్ల కొసలు మొద్దుబారి ఉంటాయి. ఈ వేళ్లకా ఇచ్చేది అని హనుమంతమ్మ మనసులోనే గునిసింది. అయినా ఆముదం రాసి, తన అరచేతిలో మూడుసార్లు రుద్దింది. "ఇంక నీది" అంది. పెద్దక్క చెప్పిన మాటలన్నీ తనూ చెప్పింది.

శివలీల వేలు వేడి చేసుకుని అత్త రెప్ప మీద ఆనించింది.

"ఏమ్మే, ఊరికే ఉండావు?"

"అత్తా... వేడి లేదు."

"బాగా రుద్దు. కొత్త చెయ్యి గదా."

మళ్లీ రుద్ది, మళ్లీ ఆనించింది.

"సల్లగుండాది అత్తా. రాయి మాదిరి ఉండాది. ఇది మనది కాదు."

ఎంతమందికి చెప్పి పంపిన మాట అది! పదకొండు నెలలుగా ఆ చల్లటి గడ్డ తన రెప్పలోనే కూర్చుని ఉంటే తన వేలికే తెలియలేదు. హనుమంతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. చెయ్యి పోయినందుకో, కన్ను పోతుందనో ఆమెకే తెలియలేదు.

గంటలో ఏసేపు ఆటో వచ్చింది. "అప్పుడు నన్ను గదిమి పంపించినావు గదక్కా, ఇప్పుడు నేను గదుముతాండా, ఎక్కు" అన్నాడు. కోడుమూరులో బస్సు ఎక్కించేదాకా వాగుతూనే ఉన్నాడు, ఆమెను ఆలోచించుకోనివ్వకుండా.

కర్నూలులో డాక్టర్ స్వర్ణలత రెప్ప తిరగేసి చూసింది. ఒకే చోట మళ్లీ మళ్లీ లేవడం, వెంట్రుకలు రాలడం గురించి అడిగింది.

"ఇది కురుపు కాకపోవచ్చమ్మా. రెప్పలో నూనె గ్రంథులుంటాయి. వాటిలో క్యాన్సర్ పుడితే మొదట ఇట్లాగే కురుపులా మోసం చేస్తుంది. ముక్క తీసి పరీక్షకు పంపుదాం."

పరీక్షలో అదే తేలింది. ఇంకా రెప్ప దాటలేదని, ఆరు నెలలు ఆగి ఉంటే కన్నే తీయాల్సి వచ్చేదేమో అని డాక్టరమ్మ చెప్పింది. పైరెప్ప చాలావరకు కోసి తీసి, కింది రెప్ప నుంచి కండ తెచ్చి అతికించారు. అది అతుక్కునేదాకా ఆరు వారాలు కన్ను కుట్టేసి ఉంచారు. వార్డులో ఒంటికన్నుతో పడుకుని ఆమె వేలి సంగతంతా డాక్టరమ్మకు చెప్పింది, నవ్వితే నవ్వనీ అని. డాక్టరమ్మ నవ్వలేదు.

"కురుపుకు వెచ్చగా కాపడం పెట్టమని మేమూ చెప్తాం. కాకపోతే ముందు చేతులు సబ్బుతో కడుక్కోమని మీ కోడలికి చెప్పండి. చల్లటి గడ్డను పంపించేయమన్నారు చూడండి, మీ అత్తగారు చాలా తెలివైన మనిషి."

ఆ మాట పెద్దక్క వినాల్సిందని హనుమంతమ్మకు ఎంతగానో అనిపించింది.

ఇదంతా జరిగి రెండేళ్లు. ఇప్పుడు అరుగు మీద కూర్చుని, వాకిట్లో శివలీల సబ్బుతో చేతులు కడుక్కుని వేలు రుద్దుతుంటే చూస్తూ ఉంటుంది. తెలియకుండానే తన వేలూ తన అరచేతిలో తిరుగుతూ ఉంటుంది. శివలీల చెయ్యి మంచిదే. తనంత కాదులే అని లోపల అనుకుంటుంది, పైకి అనదు.

కన్ను విప్పి ఇంటికి తెచ్చిన మర్నాటి పొద్దే ఆమెకు బాగా గుర్తు. తొట్టి దగ్గర మంచి కంటిని కడుక్కుంటూ అలవాటుగా ఉంగరపు వేలు మడిచింది. ఇంకెందుకు మడవడం, చెయ్యి ఇప్పుడు తనది కాదు కదా అని గుర్తొచ్చింది. కుళ్లికుళ్లి ఏడవాల్సిన మాటే అది, కానీ ఏడుపు రాలేదు. వేలు తుడుచుకుని మెల్లగా విప్పి, నలభై ఒక్క ఏండ్ల తర్వాత మొదటిసారి తన కంటిరెప్ప మీద ఆనించింది. వెంట్రుకలు లేని, అతుకులు పడిన కొత్త రెప్ప. మెత్తగా ఉంది. వెచ్చగా ఉంది.

"శివలీలా, ఇట్లా రా, నీ వేలు ఆనించి చూడు" అని కోడలిని కేకేసింది.