పై ముడతే అన్నాను

ఆ ఉదయం నరసరావుపేటలో నా డిగ్రీ క్లాసుకి మిరపను పట్టే జెమిని వైరస్ పాఠం చెప్పాను. దాని ఎంజైమ్ ఒకటి మొక్క కణంలో చేరి, ఆ మొక్క సరంజామాతోనే వైరస్‌కు నకళ్ళు తీయిస్తుంది. అంతటితో ఊరుకోదు. వైరస్ జన్యువుల ట్రాన్స్‌క్రిప్షన్ మీద, అంటే ఏ జన్యువు ఎప్పుడు పలకాలన్న దాని మీద కూడా పెత్తనం చేస్తుంది. చివరికి తనను పుట్టించే జన్యువు నోరు కూడా తానే నొక్కుతుంది. లోపలికి చేరిన దాన్ని ఏ మందూ పట్టుకోలేదనీ, మొక్కను పీకి తగలబెట్టడమే దారనీ బల్ల గుద్ది చెప్పాను.

సాయంత్రం రెంటచింతలలో పిన్ని మిరపతోటలో ఉన్నాను. ఫోన్ చేసి రమ్మంది. బాబాయి పోయాక ఆమె ఒంటిచేత్తో వేసిన మొదటి పంట అది. ఇది తీయలేకపోతే పొలం మరుదులకు వదిలేస్తానని పెద్దల ముందు ఒప్పుకుంది.

తోట పూత మీద ఉంది. గట్టువార పదీ పన్నెండు మొక్కల ఆకులు ముడుచుకున్నాయి. పురుగు వల్ల వచ్చే పై ముడతైతే మందుకు లొంగుతుంది. జెమిని అయితే తెల్లదోమ దాన్ని తోటంతా పంచిపెడుతుంది. ఒక ఆకు తెంపి ఎండకు పట్టి చూశాను. ఈనెలు పసుపెక్కి లావుగా ఉన్నాయి. అది జెమినీయే.

"ఏందే, పై ముడతేగా? పీకమనమాక," అంది పిన్ని. "పూతకొచ్చిన చెట్టును పీకితే కడుపుతో ఉన్నదాని ఉసురు పోసుకున్నట్టేనని మా అత్త చెప్పేది."

పొద్దున గుద్దిన బల్ల గుర్తుకొచ్చింది. అయినా పీకమనలేకపోయాను. నాది పిరికితనం. దానికి జాలి అని పేరు పెట్టుకున్నాను.

"పై ముడతే పిన్నీ. మందు కొట్టించు," అన్నాను.

మూడు వారాల తర్వాత వెళ్ళేసరికి తోట మొత్తం గిడసబారిపోయింది. పిన్ని ఒక్కతే సాలు వెంట సాలు పీకుతోంది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. పక్కన వంగి నేనూ పీకసాగాను. ఆ రోజే నాకు తెలుసని చెప్పేశాను.

ఆమె చెయ్యి ఆగలేదు.

"నాకూ అనుమానమేనే. చెయ్యాడక, నువ్వన్నా పీకమంటావనే గదా పిలిపించింది."