కురచైన సీటు

తాతయ్య ఎవరినీ ఊరికే నమ్మడు. పాలవాడు నవ్వితే పాలలో నీళ్లు కలిశాయేమోనని గిన్నె వంచి చూస్తాడు. నవ్వకపోతే, తప్పు చేసినవాడికి నవ్వెలా వస్తుందని మళ్లీ వంచి చూస్తాడు. అలాంటి మనిషి ఆటోలో పదకొండేళ్లుగా జనం తమ పిల్లల్ని ఎక్కించి బడికి పంపుతున్నారు. అంత ధైర్యంగా ఎలా పంపుతున్నారోనని తాతయ్యకు వాళ్ల మీద కూడా కాస్త అనుమానమే.

ఆటోలో ఆరుగురు పిల్లలు. వెనక సీట్లో ముగ్గురు, వాళ్లకెదురుగా తాతయ్య సొంతంగా బిగించిన చెక్కబల్ల మీద ముగ్గురు. ఎవరి చోటు వారిదే. కిటికీ పక్క చోటు కోసం ఏడ్చినా, కాళ్లు కొట్టుకున్నా మార్చేవాడు కాదు.

మహమ్మారి వచ్చి బడులు మూతపడ్డాక ఆటో బావమరిది షెడ్డులో టార్పాలిన్ కింద పడుకుంది. బావమరిది అంటే అమ్మమ్మ తమ్ముడు, మెకానిక్. దాదాపు రెండేళ్లకు బడి తెరిచారు గానీ సగం సగమే. ముగ్గురు ఒకరోజు, మిగతా ముగ్గురు మర్నాడు. హాయిగా కాళ్లు చాపుకుని వెళ్లారు. తర్వాత ఒక బుధవారం ఫోన్లో కబురొచ్చింది. రేపటి నుంచి పిల్లలంతా ప్రతిరోజూ రావాలని.

గురువారం పొద్దున అయిదుగురు ఎక్కేసరికి ఆటో బిగుసుకుపోయిన సొరుగులా అయింది. చివరి ఇంటి ముందు ఆరో మనిషి నిలబడి ఉంది. ఏడేళ్ల పిల్ల. ఎవరు ఎవరిని గిల్లారో ఇద్దరి మాటలూ విని తీర్పు చెబుతుంది కాబట్టి తాతయ్య పెట్టిన పేరు జడ్జిగారు. జరగండర్రా అన్నాడు తాతయ్య. అయిదుగురూ జరిగారు. అరచేతి వెడల్పు చోటు వచ్చింది. జడ్జిగారు ఆ చోటు వంక చూసి, ఇది నా పుస్తకానికి సరిపోతుంది తాతా, నాకు కాదు అంది.

వాళ్లమ్మ అప్పటికే తలుపుకు తాళం వేసేసింది. ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే పని ఆమెది, తొమ్మిదింటికి అక్కడుండాలి. చేసేదిలేక తాతయ్య ఆ పిల్లను తన పక్కనే కూర్చోబెట్టుకుని తీసుకెళ్లాడు. బడి గేటు దగ్గర పెద్ద మేడం చూడనే చూసింది. డ్రైవరు పక్కన పిల్లలు కూర్చోకూడదు, సోమవారం నుంచి ఇలా తెస్తే లోపలికి రానివ్వను, కుదరకపోతే వేరే బండి చూసుకోమని చెప్పెయ్యి అంది.

ఆ మాట సాయంత్రం జడ్జిగారి అమ్మకు చెప్పాడు. తెలియని వ్యానులో పిల్లను పంపనంది ఆమె. కుదరకపోతే ఈ ఏడు కూడా ఇంట్లోనే ఉంటుంది, పైవాటా ముసలావిడ ఫోన్లో పాఠాలు వింటుంది అంది. జడ్జిగారు ఏ తీర్పూ చెప్పకుండా బూట్ల వంక చూసుకుంది. రెండేళ్ల తర్వాత కొన్న బూట్లు.

తాతయ్యకు అక్కడికక్కడే దొంగ దొరికాడు. ఇన్నేళ్లూ ఆరుగురు పట్టిన ఆటోలో ఇప్పుడు అయిదుగురే పడుతున్నారంటే సీటు కురచైంది. షెడ్డులో ఉండగా ఎలుకలు కొరికాయని సీటు మార్చింది ఎవరు? బావమరిది. వెడల్పు సీటు ఎవడికో బిగించి, తనకు పొట్టిది అంటగట్టాడు.

ఈ సంగతి చెబితే అమ్మమ్మ కూర కలపడం ఆపింది. "మా తమ్ముడు నీ సీటు కొట్టేసి ఏం చేసుకుంటాడు, తలకింద పెట్టుకుంటాడా?" అని మళ్లీ కలిపింది. ఆ తర్వాత రెండు రోజులు తాతయ్యతో మాట్లాడలేదు. అన్నం మాత్రం పెట్టింది. దాన్ని కూడా తాతయ్య అనుమానంగానే తిన్నాడు.

బట్టలు ఆరేసే తాడులోంచి ఒక ముక్క కోసి, సీటు పొడవు కొలిచి ముడి వేశాడు. స్టాండులో అదే కంపెనీ ఆటో ఒకటి ఉంటే, పడిపోయిన గుండీ వెతుకుతున్నట్టు దాంట్లో దూరి అదీ కొలిచాడు. ముడికి ముడి సరిపోయింది. ఇంకొకరైతే అక్కడితో ఊరుకునేవారు. తాతయ్య మాత్రం ఆ ఆటో ఎవరి దగ్గర బాగుచేయించావని దాని డ్రైవర్ని అడిగాడు. బావమరిది దగ్గరే. అంటే వీడు ఒక్క సీటు కాదు, ఊరి సీట్లన్నీ కోస్తున్నాడు.

ఆదివారం తాడు పట్టుకుని షెడ్డుకు వెళ్లాడు. బావమరిది ఒక బండి కింద పడుకుని ఉన్నాడు. కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. తాతయ్య ఆ కాళ్లనే నిలదీశాడు. పాత సీటు ఏదిరా?

బావమరిది బయటికి వచ్చి, ఒంటికున్న గ్రీజు తుడుచుకోకుండానే షెడ్డు వెనక నుంచి ఒక ఇనుప చట్రం ఈడ్చుకొచ్చి కాళ్ల దగ్గర పడేశాడు. "ఎలుకలు స్పాంజే తిన్నాయి బావా. ఇనుము తినలేదు. కొలుచుకో."

తాతయ్య కొలిచాడు. వెంట్రుకవాసి తేడా లేదు. తాడు సాగుతుందేమోనని రెండు చేతులా లాగి చూసి మళ్లీ కొలిచాడు.

"ఇంక నన్ను కూడా కొలుస్తావా?" అన్నాడు బావమరిది. స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఏటా ఏం జరిగేది బావా? పెద్దోడు సైకిల్ నేర్చుకుని నీ ఆటో మానేసేవాడు. ఆ చోట్లో కొత్తగా ఒక బుడ్డోడు ఎక్కేవాడు. ఈ రెండేళ్లలో ఎవడు దిగాడు, ఎవడెక్కాడు? అప్పుడున్న ఆరుగురే కదా ఇప్పుడూ ఉంది. వాళ్లను కొలిచావా?"

తాతయ్య తాడును వేళ్లకు చుట్టుకుంటూ ఆ చట్రం మీదే కూర్చున్నాడు. పిల్లలు ఎదుగుతారని తెలియక కాదు. ఎదిగినవాళ్లు దిగిపోతారు, అంతే. పదకొండేళ్లుగా ఆ ఆటోలో మొహాలు మారాయి గానీ కొలత మారలేదు. మొత్తం బండి ఒకేసారి ఎదగడం ఆయన చూడటం ఇదే మొదలు.

"అయినా నువ్వేసిన స్పాంజి కాస్త గట్టిగానే ఉంది" అని లేచాడు. క్షమాపణ అంతకు మించి ఎన్నడూ చెప్పి ఎరుగడు. బావమరిదికి తెలుసు కాబట్టి టీ తెప్పించాడు.

ఇంటికొచ్చి, రేపటి నుంచి ఏడింటికే బయల్దేరతాను, రెండు ట్రిప్పులు వేస్తాను అన్నాడు. అమ్మమ్మ మౌనం వదిలి ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. ఎందుకంటే పొద్దున ఏడు నుంచి ఎనిమిది వరకు తాతయ్య టీ కొట్టు బల్ల మీద కూర్చుని, పేపర్లో ఏది అబద్ధమో తేలుస్తాడు. ఎవరి పెళ్లయినా, ఎవరికి జ్వరమొచ్చినా ఆ గంట వదులుకున్నది లేదు.

ఆ రాత్రే మేడంకు ఫోన్ చేసి చెప్పాడు, జడ్జిగారిని పెందలాడే తయారు చెయ్యమని వాళ్లమ్మకు కబురు పెట్టాడు. సోమవారం ఏడుంబావుకు ఆటో జడ్జిగారి ఇంటి ముందు ఆగింది. వాళ్లమ్మ తడి జుట్టుతో బయటికి వచ్చి, మొదట ఖాళీ సీటు వంక చూసింది, తర్వాత తాతయ్య వంక.

"మా ఇల్లు చివర కదా. ఈరోజు ముందొచ్చావేంటి బాబాయ్?"

"రెండు ట్రిప్పులమ్మా ఇంకనుంచి. పాప మొదటి ట్రిప్పులో, వెనక సీట్లోనే."

"రేపు కూడా వస్తావా? ఒక్కరోజు మురిపించి మానెయ్యవు కదా?"

వస్తానన్నాడు తాతయ్య. మేడంకు తెలుసా అని అడిగింది. తెలుసు. ఇంకెవరు ఎక్కుతారు, ఎక్కడ ఎక్కుతారు, బడి గేటు ఎన్నింటికి తీస్తారు. అన్నిటికీ చెప్పాడు. ఆమె వంగి సీటును చేత్తో నొక్కి చూసింది. కూతురి మాస్కు సరిచేసి ఎక్కించింది. జడ్జిగారు సీటు మధ్యలో, ఎవరికీ ఒక్క అంగుళం ఇవ్వనట్టుగా కూర్చుంది.

తాతయ్య ఆటో స్టార్ట్ చేసి అద్దంలోకి చూశాడు. ఆమె రోడ్డు మీదికి వచ్చి, ఆటో వెనక నిలబడి, అరచేతి మీద నంబరు రాసుకుంటోంది. మహమ్మారికి ముందు రెండేళ్లు ఇదే ఆటోలో ఇదే పిల్లను పంపిన మనిషి. పెన్ను సరిగ్గా రాయడం లేదు కాబోలు, విదిలిస్తోంది. కళ్లు చికిలించి మళ్లీ నంబరు వంక చూస్తోంది.

తాతయ్య ఇంజన్ ఆపేశాడు. నిన్నటి వానకు నంబరు పలక మీద బురద చిందిందని అప్పుడు గుర్తొచ్చింది. దిగి, భుజం మీది తువ్వాలుతో పలక శుభ్రంగా తుడిచి పక్కకు తప్పుకున్నాడు.

"ఇప్పుడు రాసుకోమ్మా" అన్నాడు.