వేములపల్లిలో ఎకరం లేని చక్రవర్తి

మా నాన్నకు టీవీ వార్తలంటే ప్రాణం. మిర్యాలగూడలో రైస్ మిల్లు నడుపుతూనే ప్రపంచాన్ని కూడా తనే నడుపుతున్నట్టు మాట్లాడతారు. నేను సూర్యాపేటలో ఇంటర్ పిల్లలకు చరిత్ర చెబుతాను. అమ్మ పోయిన తర్వాత ఆ ఇంట్లో మిగిలింది ఆయనొక్కరే కాబట్టి ప్రతి ఆదివారం వెళ్లేదాన్ని. చెప్పులు విప్పకముందే ఏదో ఒక దేశం మీద తగవు మొదలయ్యేది. ఆయన ఒకటంటే నేను ఇంకోటనేదాన్ని. గొంతులు లేచేవి, కూర చల్లారిపోయేది, ఇద్దరికీ మహా హాయిగా ఉండేది.

అలాంటి మనిషికి నేను పెళ్లాడాలనుకున్నతన్ని చూపించాల్సి వచ్చింది. అతను మా కాలేజీలోనే ఎకనామిక్స్ చెబుతాడు, కోదాడవాడు. స్టాఫ్ రూమ్‌లో నా మాట ఒక్కదానికీ ఒప్పుకోడు. అందుకే నచ్చాడు. పెళ్లంటూ చేసుకుంటే అతన్నే చేసుకుంటానని నాన్నతో చెప్పేశాను.

"తోలుకరా, సూస్త" అన్నారాయన.

ఆయన వద్దంటే చేసుకునే ధైర్యం నాకు లేదు. అతన్ని వదులుకునే ధైర్యం అంతకన్నా లేదు.

నాన్న ఆ పెళ్లిచూపులు ఇంట్లో పెట్టలేదు, మిల్లులో పెట్టారు. మా మిల్లులో ఒక పద్ధతి ఉంది. కొత్త సరుకు మర పట్టగానే ఆఫీసు గది వెనక స్టవ్ మీద గిన్నెడు అన్నం వండిస్తారు. కూర ఉండదు, పెరుగు ఉండదు. ఉత్త అన్నం తిని మెతుకు ఎలా ఉందో చెప్పాలి. ఆ సమయానికి ఎవరొచ్చినా ఆ అన్నం ముందు కూర్చోవాల్సిందే. మొహమాటానికి బాగుందన్నవాళ్లను నాన్న ఇంకెప్పుడూ ఏదీ అడగరు.

అతను వాళ్లమ్మతో కలిసి వచ్చాడు. కోదాడ నుంచి దారి పొడవునా ఆవిడ కొడుక్కి ఒకటే నూరిపోసిందని తర్వాత తెలిసింది. "పిల్ల తండ్రి ఏమన్నా సరే, అవునండీ అను. పెళ్లయ్యాక నీ ఇష్టం."

ప్లేట్లలో అన్నం పెట్టించి నాన్న అడిగారు. "ఎట్లుంది?"

"బాగుందండీ."

బాగాలేదు. కొత్త బియ్యం, జిగురుగా ముద్ద కట్టింది. అయినా నా కోసం ఇంకో పరీక్ష పెడదామనుకున్నారేమో, నాన్న ప్రపంచంలోకి దిగారు.

"టీవీల అమెరికాది సామ్రాజ్యం, సామ్రాజ్యం అంటున్నరు. ఎక్కడి సామ్రాజ్యం? రోమ్ వాళ్లు దండు ఏసుకొని పోయిన్రు, భూమి గుంజుకున్నరు, కప్పం కట్టించుకున్నరు. గదీ సామ్రాజ్యమంటే. గీళ్లు గట్ల ఇంకోళ్ల దేశాలు ఏలుతున్నరా?"

"అవునండీ, ఏలడం లేదు."

నాన్న కళ్లు చిన్నవయ్యాయి. "కానీ దునియాల ఎక్కడ సూసినా వాళ్ల ఫౌజే ఉంటది. డాలర్ లేకుంటే బేరం నడువది. గది సామ్రాజ్యం గాక మరేంది?"

"అవునండీ, అదీ నిజమే."

నాన్న తన ప్లేటు పక్కకు జరిపారు. సరుకు వెనక్కి పంపేముందు ఆయన అలాగే జరుపుతారు. వాళ్లమ్మ మాత్రం కొడుకు ఎంత బుద్ధిమంతుడో అన్నట్టు నా వంక చూసి మురిసిపోతోంది. నాకు ఒళ్లు మండింది.

"నాన్నా, మన మిల్లుకు వడ్లు తోలే వేములపల్లిల నీకెంత భూమున్నది?" అన్నాను.

"ఎకరం గూడ లేదు. నీకు తెల్వదా?"

"మరి ఈసారి ఊరు ఊరంతా ఒక్కటే సన్నరకం ఎందుకు ఏసింది?"

"నేను గదే కొంట అన్న. వాళ్లు ఏసుకున్నరు. నేనేమన్న కట్టె పట్టుకొని బెదిరించిన్నా?"

"గందుకే నువ్వు చక్రవర్తివి! పాత రాజులకు భూమి కావాలె. ఇప్పటోళ్లకు భూమెందుకు? ఇదే కొంట అంటే సాలు. పొలం వాళ్లది, పెత్తనం నీది. అమెరికా చేసేది గిదే."

నాన్న నోరు తెరిచేలోపు అతను ప్లేటు కింద పెట్టాడు.

"కాదు" అన్నాడు. అది స్టాఫ్ రూమ్ గొంతు. "ఆ పోలిక తప్పు. మిర్యాలగూడలో ఉన్నది ఇదొక్క మిల్లేనా? మీ నాన్నగారు వద్దంటే రైతు పక్క మిల్లుకు తోలతాడు. పక్క మిల్లుకు పోతే మీద పడి కొట్టేవాణ్ణి చక్రవర్తి అనాలి. అమెరికా ఆ పని చేసినచోట అది సామ్రాజ్యమే. చెయ్యనిచోట పెద్ద వ్యాపారి. రెండూ కలిపేసి క్లాసులో చెబితే నీ పిల్లలకు సున్నాలొస్తాయి." అక్కడితో ఆగక నాన్న వైపు తిరిగాడు. "ఇంకోటండీ, ఈ అన్నం ముద్ద కడుతోంది."

"ఊరుకోరా!" అంది వాళ్లమ్మ. కానీ కొడుకు మాట ఆవిడకూ మింగుడు పడలేదు. "అయినా కొడితేనే పెత్తనమా? మా పొలం కాలువ చివర ఉంది అన్నయ్యగారూ. పైన తూము దించి నీళ్లు ఆపినవాడు మమ్మల్ని కొట్టడు, తిట్టడు. మా నారు మాత్రం ఎండిపోద్ది. వాణ్ణేమనాలి?"

ఇక ఆగలేదు. నలుగురం ఒకేసారి మాట్లాడాం. మిల్లు మోత మించి మా గొంతులు వినబడి హమాలీలు తలుపు దగ్గరికి వచ్చి తొంగి చూశారు. నాన్న బల్ల గుద్దుతున్నారు. ఆయన ముఖం అలా వెలగడం చూసి ఎన్నాళ్లయిందో!

"పాత బియ్యం వండుండ్రి, కూర గిట్ల తెప్పియ్యుండ్రి! మాట్లాడేటోళ్లకు ఆకలైతది" అని కేకేశారు. తర్వాత వాళ్లమ్మతో నెమ్మదిగా అన్నారు. "చెల్లెమ్మా, మా ఇంటామె పోయినప్పటి సంది ఈ పిల్లతోని కొట్లాడేటోణ్ణి నేనొక్కణ్ణే. నా తర్వాత దీనితోని ఎవరు కొట్లాడతరని ఫికరుండె. ఇగ లేదు."

నేను గోదాములోకి పోయి, బస్తాల చాటున నిలబడి, కాసేపు ఏడ్చి, నవ్వుకుంటూ తిరిగి వచ్చాను. అప్పటికే వాళ్లు ముగ్గురూ మళ్లీ రోమ్ దాకా వెళ్లిపోయారు.